బందరు తీరాన రంగు నిలిచిన ఊరు



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలకు సముద్రం లేదు. నందికొండ శిఖరం మీద నిలిచి ఎంత దూరం చూచినా కొండలు, చెరువులు, మల్బరీ తోటలే కనబడతాయి. అయినా ఈ సీమ ఇండ్లలో పలికే తెలుగుకు తూర్పుతీరంతో బంధుత్వం తెగిపోలేదు. ముద్దేనహళ్ళిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు మోక్షగుండం ఆంధ్రదేశంలోని ఒక గ్రామం పేరు. చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్యగారు తెలుగులో తత్త్వాలు చెప్పారు, శతకం కట్టారు. కాబట్టి ఈ సీమ పిల్లలు తీరానికి వెళ్ళడం పరాయిదేశం చూడబోవడం కాదు, చుట్టపుచూపుగా వెళ్ళడమే.

అలా చూచి రావలసిన ఊళ్ళలో కృష్ణాజిల్లా పెడన ఒకటి. గుడివాడ నుండి మచిలీపట్నం పోయే రైలుమార్గంలో, బందరుకు కొద్ది దూరంలో ఉన్న చిన్న పట్టణం అది. గొప్ప గోపురాలు, కోటలు చూడగోరి వెళ్ళినవారికి అక్కడ నిరాశే మిగులుతుంది. చెవి యొగ్గినవారికి మాత్రం మగ్గాల చప్పుడుతోపాటు, బల్లపై పరచిన గుడ్డమీద చెక్క అచ్చు పడే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడే ఆ ఊరి చరిత్ర.

నాలుగు వందల ఏండ్ల క్రిందట బందరు గోల్కొండ సుల్తానులకు ప్రధానమైన రేవు. డచ్చివారు 1606 నాటికే అక్కడ స్థావరమేర్పరచుకొన్నారు. ఆంగ్లేయులు 1611లో వచ్చి తమ వర్తకశాల తెరిచారు. తరువాత ఫ్రెంచివారు కూడా వచ్చారు. వారందరినీ ఆ తీరానికి రప్పించిన సరకులలో ముఖ్యమైనది అద్దకపు గుడ్డ. పర్షియా వర్తకులు కోరిన లతలు, పూలు, చెట్లు తెలుగు పనివారి అచ్చులలో ఇమిడిపోయాయి. కలంకారీ అన్న పేరు కూడా పారసీ మాటే. యూరపులో ఈ గుడ్డల మోజు ఎంత పెరిగిందంటే, తమ నేతగాండ్ర జీవనం కాపాడుకొనడానికి ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను నిషేధాలు విధించవలసి వచ్చింది.

ఇంతకూ ఆ గుడ్డలో ఉన్న గొప్పతనమేమిటి? ఉతికినకొద్దీ వెలిసిపోని రంగు. దాని రహస్యం పనివాని పక్కన నిలబడితే తెలుస్తుంది. ముందు గుడ్డను బాగా ఉతికి, కరక్కాయ నీటిలో ముంచి ఎండబెడతారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన కసింతో అచ్చు వేస్తే, అది కరక్కాయ వగరుతో కలిసి నల్లని గీతగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీటితో అచ్చు వేస్తారు. పటికకు తనదంటూ రంగు లేదు. అచ్చు వేసిన చోట అప్పటికి ఎరుపు జాడయే ఉండదు. గుడ్డను పారే నీటిలో జాడించి, ఎర్రరంగునిచ్చే వేళ్ళు, చెక్కలు వేసిన కాగులో ఉడికించినప్పుడు, పటిక తాకిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. తక్కిన చోట్ల అంటిన రంగు ఉతుకులోను, ఎండలోను వదలిపోతుంది. పూర్వం ఈ ఎరుపుకు తీరపు ఇసుక నేలలలో పెరిగే చిరివేరు పెట్టింది పేరు.

అటువంటి పనికి గడ్డురోజులు వచ్చాయి. బందరు 1759లో ఆంగ్లేయుల వశమైంది. వారి వర్తకానికి మద్రాసు కేంద్రమయ్యేకొద్దీ పాత రేవు ప్రాభవం తగ్గింది. ఇంగ్లండులో 1783 నాటికి గుడ్డపై అచ్చువేసే స్తూపాకార యంత్రం వచ్చింది. 1864 నవంబరు 1వ తేదీన ఉప్పెన బందరును ముంచివేసి, సుమారు ముప్పయివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. 1869 ప్రాంతంలో ఎర్రరంగును కర్మాగారంలోనే తయారుచేసే పద్ధతి వెలువడింది. రేవు పోయింది, కొనేవారు పోయారు, వేళ్ళ అవసరం కూడా పోయినట్లే తోచింది.

అయినా పని పోలేదు. ఓడలెక్కే సరకు తగ్గినా, తండ్రి చేతి అచ్చు కొడుకు చేతిలోకి వచ్చింది. ఆ తీరంలోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించి, చదువుతోపాటు చేతిపనికీ చోటిచ్చారు. ప్రమోదకుమార చటర్జీ అక్కడ చిత్రకళ నేర్పగా, అడివి బాపిరాజుగారు ఆయనకు శిష్యులయ్యారు. మచిలీపట్నం కలంకారీకి తరువాతి కాలంలో భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపు లభించినంత మాత్రాన కష్టం తీరలేదు. రసాయనపు రంగులతో, స్క్రీన్ ప్రింటింగుతో అదే పూవును త్వరగా, చవుకగా దించవచ్చు. రెండూ అంగడిలో పక్కపక్కన వ్రేలాడితే కొనేవారి కంటికి భేదం తెలియదు. ఎండకు, నీటికి కాచుకొని దినాలు వెచ్చించిన పనివానికి తగిన ప్రతిఫలం రాకపోతే, అతని బిడ్డ ఆ అచ్చు ఎందుకు పట్టాలి? ఈ ప్రశ్నకు మెచ్చుకోలు మాటలు జవాబు కావు. తెలిసి కొనేవారు ఉంటేనే అచ్చు చేతులు మారుతుంది.

కన్నడనాట నడిచే తెలుగు బడికీ ఇదే ప్రశ్న ఎదురవుతున్నది. కన్నడం రాజ్యభాష, ఇంగ్లీషు ఉద్యోగాల భాష. ఈ రెండూ పిల్లలకు రావలసినవే. తెలుగులో చదివించి ఏమి లాభమని అడిగే తల్లిదండ్రుల చింత న్యాయమైనదే, తోసిపుచ్చదగినది కాదు. దానికి పెడన పనివాని బల్ల మీద ఒక సమాధానం దొరుకుతుంది. ఇంటిభాషలో అబ్బిన తొలిచదువు పటిక వంటిది. అద్దిన నాడు అది కంటికి ఆనదు, అంగడిలో దానికి వెల కట్టేవారు లేరు. పిల్లవాడు పెరిగి, ఏ భాషలో ఏ విద్య అభ్యసించినా, ఆ రంగు నిలిచేది పటిక పడిన చోటనే.

డెబ్బై అయిదేండ్లుగా ఈ ఊరి బడి చేసిన పని అదే. అచ్చు ఇప్పటికి పాత విద్యార్థుల చేతిలో ఉన్నది. దానిని తమ బిడ్డల చేతికి అందించడమో, గోడకు తగిలించి మెచ్చుకోవడమో, వారు నిర్ణయించుకోవాలి.