పాత జీపు – క్రొత్త సరుకుబండి

(వార్షికోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగపాఠము)



పాత వస్తువును పారవేయుటకు మనసొప్పని వారిలో కర్మాగారమున పనిచేయువారు మొదట లెక్కింపదగినవారు. ఒక ఇనుపముక్క కంటబడినచో అది పీటకు కాలగునా, తలుపునకు గడియ యగునా అని ఆలోచించు కన్నులు ఖరగపూరు తెలుగు కుటుంబములలో తరతరములుగా కలవు. మథురాకాటిలోనైనను, నీంపురాలోనైనను అట్టి కన్నులకు పదునైదేండ్లు దాటిన జీపో, సుమోయో, బొలేరోయో కనబడినప్పుడు సహజముగ ఒక తలంపు పుట్టును. దీని వెనుకభాగమును కోసివేసి, తొట్టి నమర్చి, బురదలోను కొండదారులలోను నడచు పికప్ బండిగా మార్చిన నెట్లుండును? ఉద్యోగ విరమణానంతరము పలాస జీడితోటకో, ఉద్దానపు కొబ్బరితోటకో మరలనెంచువారికి ఈ తలంపు మరింత ప్రియముగ తోచును.

ఇది మంచి తలంపా, చెడ్డ తలంపా అని ఒక్కమాటలో తేల్చుటకు వీలులేదు. బండియందు బరువు ఎచ్చట నిలుచుచున్నది? ఆ బరువునకు బాధ్యత ఎవరు వహించుచున్నారు? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము దొరికిన పిమ్మటనే రంపము చేతబట్టవలెను. నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ఈ ఊరికి జీపు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1944లో, అమెరికా వైమానిక దళపు ఇరువదవ బాంబర్ కమాండ్ తన ప్రధాన కార్యాలయమును ఇచ్చటి హిజ్లీ భవనమున నెలకొల్పెను. 1951లో ఐ.ఐ.టి. ప్రారంభోత్సవము జరిగినది ఆ హిజ్లీయందే. యుద్ధకాలమున చాకులియా, పియార్డోబా, దూద్‌కుండీ మొదలగు మైదానముల నుండి బి-29 విమానము లెగిరినవి. ఆ సైన్యములకు నేలమీది నిత్యవాహనము జీపు. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన సైనిక వాహనములు వేలములలో అమ్ముడై పౌరుల చేతికి వచ్చినవి. విల్లీస్, ఫోర్డు సంస్థలు రెండును కలిసి యుద్ధకాలమున ఆరు లక్షలకు మించి జీపులను తయారుచేసెను. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 80 అంగుళములు. యంత్రశక్తి 60 అశ్వములు. సైన్యపు లెక్కలో అది పావు టన్ను బండి.

రైల్వేవారికి ఆసక్తి కలిగించు మార్పు ఒకటి ఆ రోజులలోనే బర్మాలో జరిగినది. 1944లో మొగాంగ్, మిచినా పట్టణముల నడుమ రైలుమార్గము చేజిక్కెను గాని, బాంబుదాడుల వలన నడపుటకు ఇంజనులు కరవయ్యెను. అప్పుడు జీపుల రబ్బరు చక్రములను తీసివేసి, అంచుగల ఉక్కు చక్రముల నమర్చి, వానిచేత చిన్న చిన్న వాగనులను లాగించిరి. సైనికులను, సరకులను, గాయపడినవారిని ఆ జీపు రైళ్ళే చేరవేసెను. జీపు వంటి బండి తన రూపమును ఎంతవరకు మార్చుకొనగలదో చెప్పుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము లేదు. చక్రములు మారినవి, నడచు దారి మారినది, కాని బండికి వెన్నెముకయైన ఛాసీని మాత్రము ఎవరును కోయలేదు.

కీలకమంతయు ఆ ఛాసీయందే కలదు. దీనిని గ్రహించుటకు రైల్వే ఉద్యోగులు దూరము పోనక్కరలేదు. వెనుకటి కాలపు చెక్కపెట్టెలలో బరువునంతయు క్రిందనుండు ఉక్కు అండర్‌ఫ్రేము మోసెడిది. పైనున్న చెక్కగది ఎండవానల నుండి కాపాడు గూడు మాత్రమే. గూడును విప్పివేసినను అండర్‌ఫ్రేము చెక్కుచెదరక నిలిచెడిది. 1955లో పెరంబూరున ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రారంభమైనప్పటి నుండి వచ్చిన పెట్టెల తీరు వేరు. వానిలో నేల, గోడలు, పైకప్పు ఏకమై బరువును పంచుకొనును. అందొక భాగమును కోసిన, మిగిలిన భాగములు తమ పనిని చేయజాలవు.

మోటారు వాహనములలోను ఇవే రెండు జాతులు. జీపు, కమాండరు, ఆర్మడా, బొలేరో, సుమో, జిప్సీ మొదలగునవి నిచ్చెనవంటి ఛాసీపై వేరుగ బిగించిన గూడుగల బండ్లు. నేటి చిన్న ఎస్.యు.వి.లలో పెక్కింటికి వేరు ఛాసీ లేదు, గూడే ఛాసీ. మొదటి జాతి బండిని పికప్‌గా మార్చుట ఇంజనీరింగు దృష్టితో సాధ్యము. రెండవ జాతి బండి పైకప్పును ఇంటివద్ద కోయుట వంతెన దూలమును నడుమ కోయుట వంటిది. బయటికి రెండును ఒకే తీరున కనబడును గనుక క్రిందికి వంగి చూచి తెలిసికొనవలెను.

కర్మాగారములే ఈ మార్పును చేసి చూపినవి. విల్లీస్ సంస్థ 1947లో జీపు ముఖమును నిలిపి, ఇరుసుల నడుమ దూరమును 118 అంగుళములకు పెంచి, వెనుక తొట్టిగల ట్రక్కును వెలువరించెను. పొడవు పెరిగిన చోట అందుకు తగిన ఛాసీని వేరుగ రూపొందించిరేగాని, ఉన్న ఛాసీకి ముక్క అతికింపలేదు. మన దేశమున దారి తలక్రిందుగ నడచినది. టాటావారు 1988లో టాటామొబైల్ అను పికప్‌ను ముందు తెచ్చి, ఆ పునాదిపై 1991లో సియెర్రాను, 1994లో సుమోను వెలయించిరి. అనగా సుమోను సరుకుబండిగా మార్చదలచినవాడు తెలియకయే దానిని దాని పుట్టినింటికి పంపుచున్నాడు.

ఇక రైల్వేలు స్వయముగ చేయుచున్న మార్పు మరియొకటి కలదు. వయసు మళ్ళిన ఐ.సి.ఎఫ్. ప్రయాణికుల పెట్టెలను మోటారుకార్లు మోయు ఎన్.ఎం.జి. పెట్టెలుగా మార్చుచున్నారు. సీట్లు తీసివేయుదురు, కిటికీలను రేకుతో మూసివేయుదురు, నేలను బలపరచుదురు, కార్లు లోపలికి నడచిపోవుటకు కొనగోడలలో వెడల్పైన తలుపుల నమర్చుదురు. గమనింపదగిన దేమనగా, పైకప్పును తీయరు, పక్కగోడలను తీయరు. అవి బరువు మోయుచున్నవని తెలియును గనుక! ఎచ్చట కోయవచ్చునో, ఎచ్చట కోయరాదో ముందుగ నకాసు చెప్పును. పని ముగిసిన పిదప తనిఖీదారు చూచి సంతకము చేయును. నకాసు, తనిఖీ, సంతకము – ఈ మూడును కర్మాగారమును ఇంటి పెరడు నుండి వేరుచేయుచున్నవి. పనివాని చేయి రెండుచోట్లను ఒక్కటే.

ఇప్పుడు చిన్న లెక్క నొకటి చూడవలెను. ఇరుసుల నడుమ 80 అంగుళములుగల పాత జీపునకు వెనుక పొడవైన తొట్టి నమర్చి, వెనుక ఇరుసునకు 20 అంగుళములు వెనుకగ 200 కిలోల బరువు నుంచితి మనుకొందము. వెనుక ఇరుసుపై పడునది 200 కిలోలు కాదు, 250 కిలోలు. ఆ అధికమైన 50 కిలోలు ముందు ఇరుసు నుండి లేచిపోయినవి. త్రాసుకఱ్ఱ న్యాయమే ఇది. ముందు చక్రములు తేలికపడినచో స్టీరింగు త్రిప్పినను బండి మాట వినదు. ఎగువ దారిలో ఇది మరింత ప్రమాదకరము. కావున తొట్టిని ఎంత పొడవు చేయగలమని గాక, బరువు వెనుక ఇరుసునకు ముందే నిలుచునట్లు ఎంత పొట్టిగ చేయగలమని ఆలోచింపవలెను.

తొట్టి ఖాళీగ నున్నప్పుడు కథ వేరు. వెనుక గూడును కోసివేయుటచే వెనుకభాగము తేలికయగును. పూర్వపు బరువునకు సరిపోవునట్లు కుదిర్చిన బ్రేకులు అదే బలముతో పట్టగా వెనుక చక్రములు బిగిసి జారును. వాననాడు తారురోడ్డుపై బండి అడ్డముగ తిరుగుటకు ఈ జారుడే చాలును. కమానుపట్టెలను అదనముగ చేర్చినంత మాత్రమున బండికి బలము వచ్చినదని తలచుటయు పొరపాటే. పట్టెలు బరువును నిలుపును. ఆపునది బ్రేకు, మోయునది ఇరుసు, వంగునది ఛాసీ.

పనితనపు సంగతులును కొన్ని కలవు. ఛాసీ పట్టె పై అంచున ఒత్తుడు, క్రింది అంచున లాగుడు అధికముగ నుండును. నడుమ భాగమున తక్కువ. అందుచే అంచులలో రంధ్రము తొలుచుట, అంచుపై అడ్డముగ వెల్డింగు చేయుట పగుళ్ళకు దారితీయును. తొట్టిని పాత గూడు బిగించిన చోటులందే, రబ్బరు దిండ్లపై, బోల్టులతో నిలుపుట మేలు. ముందు సీట్ల వెనుక పైకప్పును కోసినచో, ఆ చోట ఇనుపగొట్టపు ఆర్చి యొకటి ఛాసీవరకు దిగునట్లు నిలుపవలెను. లేనిచో బండి తలక్రిందులైన నాడు లోపలివారి తలలే పైకప్పును మోయవలసివచ్చును. పెట్రోలు లేక డీసిలు తొట్టిని, గొట్టములను ముందుగ విప్పి దూరముగ నుంచక గ్యాస్ కటింగు తలపెట్టరాదు.

పెద్ద టైర్ల మోజు మరియొకటి. చక్రపు వ్యాసము పదియవవంతు పెరిగినచో స్పీడోమీటరు తక్కువ వేగమును చూపును; అదే బ్రేకు అంతే ఒత్తిడికి సుమారు పదియవవంతు తక్కువగ పట్టును. రెండు చక్రములతో నడచు బండి టైర్లు పెంచినంత మాత్రమున నాలుగు చక్రముల బండి కాజాలదు. పాత జీపు తరహా నాలుగు చక్రముల గేరును బురదలోను, ఇసుకలోను మాత్రమే వేయవలెను. గట్టి పొడిరోడ్డుపై అట్లే ఉంచిన, మలుపులలో ముందు వెనుక ఇరుసులు ఒకదానితో నొకటి పెనుగులాడి గేర్ల నరుగదీయును.

బరువు సంగతి తెలిసినది. ఇక బాధ్యత. 1988 మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని తన బండిని మార్పరాదు. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు ఈ సెక్షనును ఖండితముగ వ్యాఖ్యానించినది. రంగు మార్చుట వంటి స్వల్ప విషయములు వేరు, బండి మూలస్వరూపమును మార్చుట వేరు అని తేల్చినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము అనుమతిలేని మార్పునకు ఆరునెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. పదునైదేండ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను పొడిగించుకొనుటకు తనిఖీకి తీసికొనిపోయిన నాడు ఏ మార్పును దాగదు. శారీరక వైకల్యముగలవారికి అనుకూలముగ బండిని మార్చుకొనుటకును, ఆమోదింపబడిన ఇంధన పరికరము నమర్చుకొనుటకును చట్టము దారి విడిచినది. జీపును పికప్ చేయుటకు అట్టి దారి విడువలేదు.

చట్టము కఠినమని కొందరు విసుగుకొందురు. దాని వెనుకనున్న మనుష్యులను చూచిన విసుగు తగ్గును. తొట్టి యున్నచోట సరకు మాత్రమే ఉండదు. పెండ్లికి, జాతరకు, కూలిపనికి పోవువారు అందెక్కుదురు. కాదనుటకు మనకు నోరు రాదు. 2002లో సుప్రీంకోర్టు, సరుకుబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా సంస్థ పరిహార మిచ్చుటకు చట్టరీత్యా బద్ధురాలు కాదని తీర్పుచెప్పినది. అనగా పాడేరు ఘాటులోనో, పలాస తోటదారిలోనో ఆ బండి బోల్తాపడిన, చనిపోయినవాని కుటుంబమునకు మిగులునది యజమాని ఆస్తిపై దావా మాత్రమే. ఆ యజమాని జీవితాంతము పనిచేసి కూడబెట్టిన ఆస్తి ఆ దావాకు ఎదురుగ నిలుచును. ముచ్చటపడి కోసిన రేకు రెండు కుటుంబములను కోయగలదు.

అట్లయిన చేతిలోని విద్యను మఱచిపోవలెనా? అక్కరలేదు. దారులు రెండు కలవు. మొదటిది, తయారైననాడే పికప్‌గా రిజిస్టరైన పాత బండిని కొని, దాని ఇంజనును, బ్రేకులను, కమానుపట్టెలను, తుప్పుపట్టిన తొట్టిని అసలు కొలతలకు సరిగ పునరుద్ధరించుట. అందు నైపుణ్యమునకు కావలసినంత పని కలదు. చట్టమునకు అభ్యంతరము లేదు. రెండవది, తోట కంచె దాటని బండి. ఆవరణము లోపల మాత్రమే వాడుటకై ప్రత్యేకముగ మలచిన వాహనమును చట్టము వేరుగ చూచును. కాని ఆ కంచెను ఒక్కనాడును దాటరాదు. దాటవలసిన అవసరము తప్పక వచ్చునని తోచినచో మొదటి దారియే శ్రేయస్కరము. కంచెలోపల కూడ మనుష్యులే పనిచేయుదురు గనుక బరువు లెక్క అచ్చటను తప్పదు.

బెంగాల్ నాగపూరు రైల్వే కాలము నుండి ఈ ఊర తెలుగువారు సంపాదించుకొన్న పేరు చేతిపనివలన వచ్చినది. ఆ చేతికి విలువ నిచ్చినది దాని వెనుకనున్న కొలతయును, తనిఖీయును. కర్మాగారపు గేటు దాటి ఇంటికి వచ్చునప్పుడు పనిముట్లతోపాటు ఆ అలవాటును కూడ వెంట తెచ్చుకొన్నవాడు పాత జీపును చూచి మొదట రంపమునకై వెదకడు. క్రిందికి వంగి ఛాసీని చూచును. పిదప రిజిస్ట్రేషను పుస్తకమును తెరచును. అటుపిమ్మట ఆ తొట్టిలో ఎవరెక్కుదురో తలంచుకొనును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి అడ్డుచెప్పినను పనిని ఆపగలుగుట చేతగానితనము కాదు. అది పనితనములో ఒక భాగము.