కట్టి ఉండాలి – కట్టవలసింది

సీతాఫల్‌మండికి చేరువగా, తార్నాక ప్రాంతంలో, 1958లో వెలసిన ఆంగ్లబోధనా సంస్థ నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై ఉన్నది. అక్కడి విద్యార్థులే కాదు, తెలుగువారమందరమూ తడబడే తావొకటి మనవి చేస్తాను.

‘అతడు రుసుము కట్టి ఉండాలి’ అంటే కట్టినట్లు మన ఊహ. ‘కట్టవలసింది’ అంటే కట్టలేదని నొచ్చుకోవడం. ఆంగ్లంలో మొదటిది ‘మస్ట్ హావ్ పెయిడ్’, రెండవది ‘షుడ్ హావ్ పెయిడ్’. ‘ఉండాలి’లోని ‘ఆలి’ వినబడగానే ‘షుడ్’ అనడం బడిలో పడిన అలవాటు. మిత్రునికి సాయపడదలచి ఆ మాటే వ్రాసి పంపితే, గుమాస్తా అతనిని బాకీదారుగా ఎంచవచ్చును; తప్పు గుమాస్తాది కాదు.

‘హి మస్ట్ హాజ్’ అనేవారూ ఉన్నారు. ఇట్టి సహాయక్రియల తరువాత, కర్త ఎవరైనా, ‘హావ్’ మారదు. అయినా ఆ దోషం చెవికి ములుకే గాని, ఎవరి పేరునూ బాకీల పట్టీకి ఎక్కించదు.