తప్పు చేసిన చెయ్యి, చేయించిన మీట
(ప్రొఫెసర్ దినేశ్ మోహన్ స్మారకోపన్యాసం, నెల్లూరు)



2012 జులై 30 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి చెన్నై వెళ్తున్న తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ మన నెల్లూరు దగ్గర తగలబడింది. 30 మందికి పైగా చనిపోయారు. నిప్పు ఎలా పుట్టిందని ఆ రోజుల్లో అందరం మాట్లాడుకున్నాం. ఈ సాయంత్రం మరో ప్రశ్నతో మొదలుపెడతాను. పొగ కమ్మిన చీకట్లో నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన మనిషికి, ఏ కిటికీ తెరుచుకుంటుందో చేత్తో తడిమితే తెలుస్తుందా? అత్యవసర కిటికీకి వేసే ఎర్ర రంగు వెలుతురు ఉంటేనే ఎర్రగా కనిపిస్తుంది. రోడ్డు భద్రతా పరిశోధకులు దినేశ్ మోహన్ గారు జీవితమంతా అడిగినవి ఇలాంటి ప్రశ్నలే.

తప్పు మనిషిలో కాదు, అతని చేతికిచ్చిన అమరికలో వెతకాలన్న ఈ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధకాలంలో బలపడింది. 1943 ప్రాంతంలో అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా నేలకు దిగిన తరవాత, పైలట్లు రెక్కలకుండే ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. తప్పు పైలట్‌దని రాసుకునేవారు. ఆల్ఫాన్స్ షపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే రెండు మీటలూ ఒకే తీరులో, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు ముక్క తగిలించమన్నాడు. కన్ను చూడకపోయినా చేతికి తెలిసిపోయింది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 'పైలట్ తప్పు'గా ముద్రపడ్డ 460 అనుభవాలను విప్పి చూశారు. పరికరాల అమరికే ఆ తప్పుల్లో చాలావాటిని పిలిచి మరీ చేయించిందని తేలింది.

కాక్‌పిట్ నుంచి రోడ్డుకు వద్దాం. విలియం హాడన్ వైద్యుడు. ఆయన రోడ్డు ప్రమాదాన్ని మూడు ఘట్టాలుగా విడదీశాడు: ఢీకొనక ముందు, ఢీకొనే క్షణం, ఆ తరవాత. డ్రైవర్ పొరపాటు మొదటి ఘట్టానిదే. ప్రాణం నిలిచేదీ పోయేదీ ఎక్కువగా రెండో ఘట్టంలో. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ గారు మన కావలిలో పెళ్లికి వస్తూ నల్లగొండ జిల్లాలో కారు ప్రమాదానికి గురై మరణించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సీటు బెల్టు లేదు, కారులోంచి బయటికి పడిపోయారు. రెండో ఘట్టమంటే అదే.

మిషిగన్‌లో డాక్టరేట్ చేసి, హాడన్ నడిపిన సంస్థలో పనిచేసిన దినేశ్ మోహన్ 1979లో ఐఐటీ ఢిల్లీకి వచ్చేశారు. అమెరికాలో నేర్చుకున్నది అక్కడిలాగే ఇక్కడ అంటించలేదు. మన రోడ్డు మీద చనిపోయేవాళ్లలో ఎక్కువమంది నడిచేవాళ్లు, సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. కార్లలో ఉన్నవాళ్ల కోసం కట్టిన శాస్త్రం వీళ్లకు చాలదని ఆయన పట్టుబట్టారు.

ఆయన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రోడ్డుకు సంబంధించింది కానే కాదు. ఉత్తరాది పల్లెల్లో పశువులకు మేత కత్తిరించే యంత్రంలో పిల్లల వేళ్లు తెగిపోయేవి. పిల్లలు జాగ్రత్తగా ఉండరు, ఉండలేరు కూడా, ఆడుకునే వయసు. అందుకని ఆయన బృందం యంత్రాన్నే మార్చింది. చెయ్యి బ్లేడు దాకా పోకముందే తగిలి హెచ్చరించే రోలరు, బ్లేడుకు కాపు, పని లేనప్పుడు చక్రం తిరక్కుండా తాళం. పల్లె కమ్మరి చేయగలిగినంత తేలిక మార్పులు. ఎవరినీ తిట్టకుండా చేతులు కాపాడటం అంటే ఇదీ.

రైలు గేట్ల దగ్గరా ఇదే కథ. పెద్ద వస్తువు నిజానికి వస్తున్న వేగం కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు కంటికి తోస్తుందని హర్షల్ లీబోవిట్జ్ 1985లో రాశాడు. పట్టాలు దాటేవాడు తెగించి దాటుతున్నాడనుకుంటాం. అతని కన్నే అతన్ని మోసం చేస్తోంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొన్నాక దేశమంతా ఏడ్చింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మీద అలాంటి గేట్లన్నీ ఎత్తేశారు. డ్రైవర్లకు ఎన్ని శిక్షణలిచ్చినా ఆగనిది, అలా ఆగింది.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. మనుబోలు, వెంకటాచలం, కోవూరు మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి వెడల్పయింది, వేగం పెరిగింది. వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇళ్లు ఒక పక్క, బడీ బస్టాపూ మరో పక్క. యూటర్న్ ఎక్కడో దూరాన. అందుకే మోటారు సైకిలు రాంగ్ రూట్‌లో వస్తుంది, నాట్లకు వెళ్లే ఆడకూలీల ఆటో డివైడర్ సందులోంచి దూరుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 1,68,491 మంది. అందులో 70 శాతానికి పైగా మరణాలకు ప్రభుత్వ నివేదిక చెప్పిన కారణం అతివేగం. ఆ వేగాన్ని ఊరి నడిమధ్యకు రానిచ్చిన రోడ్డుకు ఆ పట్టికలో చోటేదీ?

దినేశ్ మోహన్ గారు 2021 మే 21న కోవిడ్‌తో కన్నుమూశారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తెచ్చిన 198-ఎ సెక్షన్‌ను ఆయన చూశారు. దాని ప్రకారం రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఐఐటీ మద్రాస్ సాయంతో తయారైన జాతీయ ప్రమాదాల డేటాబేస్‌లో పోలీసులతో పాటు రోడ్డు ఇంజనీరు కూడా స్థలానికి వెళ్లి నింపాల్సిన భాగం ఉంది. ఈ సభలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు, పోలీసు అధికారులున్నారు, విలేకరులున్నారు. మన జిల్లాలో ఇకపై జరిగే ప్రతి రోడ్డు మరణానికీ ఇంజనీరు నింపాల్సిన ఆ భాగంలో ఏం రాశారో అడగండి. సమాచార హక్కు కింద అడగండి, రాసినదాన్ని పత్రికలో వేయండి.