జబ్బుపడిన గినీపందికి గృహశుశ్రూష
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. తక్కెడయు చిట్టాయు నమ్ముకొని బ్రతుకు వర్తకుడను. అయినను, మన పిల్లలు కొందరు ముచ్చటపడి గినీపందులను పెంచుచున్నందున, అవి జబ్బుపడినపుడు చేయదగిన పరిచర్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు కోరిరి. మా యింటి గినీపంది నిరుడు మేత మానినపుడు పశువైద్యుని మాట ననుసరించి పది దినములు సేవచేసి దానిని దక్కించుకొంటిమి. అప్పుడు నేర్చినదియే ఇప్పుడు విన్నవించుచున్నాను.

పేరున పంది యున్నను ఇది పంది కాదు. ఎలుక, ఉడుతల వర్గమునకు చేరినది. దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతము. ఎదిగినది 700 మొదలు 1200 గ్రాముల వరకు తూగును. ఇతర మృగములకు ఎర యగు జాతి గనుక బాధను దాచుకొనుట దీని స్వభావము. మన కంటికి జబ్బు కనబడునప్పటికే అది ముదిరి యుండును.

కావున మొదటి మాట ఇది. మేత మానిన గినీపంది విషయమున "రేపు చూతము" అనరాదు. దీని ప్రేవులు ఎడతెగక కదలుచుండవలెను. 12 గంటలు ఏమియు తినకున్న ప్రమాదము. ఒక దినము గడచిన ప్రాణాపాయము. లంఖణము పరమౌషధమని మన పెద్దలు చెప్పుదురు గాని, ఆ మాట ఈ ప్రాణికి చెల్లదు. వెంటనే చిన్న జంతువుల వైద్యము తెలిసిన పశువైద్యునికి చూపవలెను. ఇంటి సేవ వైద్యమునకు తోడే గాని, దానికి బదులు కాదు.

రెండవది, విటమిన్ సి. ఆవు, కుక్క, పిల్లి దీనిని తమ దేహముననే తయారుచేసికొనును. మనుష్యుడును, గినీపందియు చేసికొనజాలరు. 1907లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ అనువారు గినీపందులకు ధాన్యాహారము మాత్రమే పెట్టగా వానికి స్కర్వీ వ్యాధి వచ్చెను. నావికుల ప్రాణములు తీసిన ఆ వ్యాధి మర్మము తెలియుటకు ఈ చిన్న ప్రాణియే దారి చూపినది. కీళ్లు వాచుట, నడువలేకుండుట, చిగుళ్లనుండి రక్తము కారుట, బొచ్చు మోటుబారుట దీని లక్షణములు. ఆరోగ్యముగా నున్నపుడు కిలో బరువునకు దినమునకు 10 నుండి 30 మిల్లీగ్రాములు చాలును. జబ్బున 30 నుండి 50 వరకు వైద్యులు ఇప్పింతురు. 100 గ్రాముల జామపండున సుమారు 200 మిల్లీగ్రాములు కలదు. లెక్క మీరే కట్టుకొనుడు. చిన్న ముక్క చాలును. కొత్తిమీర, కూరమిరపకాయ కూడ మంచివే. త్రాగు నీటిలో విటమిన్ బిళ్ల కలుపుట వలన లాభము లేదు. నీటిలో దాని సత్తువ త్వరగా నశించును.

మూడవది, మేత పెట్టు విధము. ఎండుగడ్డి గుళికలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూది లేని సిరంజిలోనికి తీసికొనవలెను. ప్రాణిని తువాలులో చుట్టి నిటారుగా కూర్చుండబెట్టవలెను, వెల్లకిల పరుండబెట్టరాదు. ముందుపళ్ల ప్రక్కనుండి అర మిల్లీలీటరు చొప్పున ఇచ్చి, నమిలి మ్రింగిన పిదపనే మరల ఇయ్యవలెను. తొందరపడిన మేత ఊపిరితిత్తులలోనికి పోవును. రెండు మూడు గంటలకొకమారు, రాత్రియందును లేచి పెట్టవలసి యుండును. పొట్ట ఉబ్బి డోలువలె బిగిసియున్న యెడల మాత్రము ఏమియు పెట్టక వైద్యునికడకు పోవలెను. తినగోరియు తినలేక చొంగ కార్చుచున్నచో పళ్లు పెరిగినవేమో చూపవలెను. దీని పళ్లు జీవితాంతము పెరుగుచునే యుండును.

నాలుగవది, చేయరానివి. పాలన్నము, పెరుగన్నము పెట్టుట మనకు ప్రేమగా తోచును గాని, గడ్డి తిను ఈ ప్రాణికి అవి సరిపడవు. పిల్లలకు వాడగా మిగిలిన మందు పోయరాదు. పెనిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు దీని ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపి, దీనినే చంపగలవు. బళ్లారి, షోలాపురముల వేసవిని ఎరిగినవారము మనము. 30 డిగ్రీలు దాటిన వేడి దీనికి హానికరము. చల్లని, గాలి వచ్చు గదియందు ఉంచవలెను. ఒడలు చల్లబడి నీరసించినపుడు మాత్రము గోరువెచ్చని నీటి సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవలెను.

ఐదవది నా వృత్తికి చేరిన మాట. వంటింటి త్రాసుపై ప్రతిదినము ఒకే వేళకు తూచి, బరువును, పెట్టిన మేతను, పెంటికలను చిట్టాలో వ్రాయుడు. కన్ను మోసపోవును గాని త్రాసు మోసపోదు. మా యింట 900 గ్రాములున్న ప్రాణి 780కి దిగెను. ఆరవనాడు 10 గ్రాములు పెరిగినట్లు చిట్టాయే మాకు మొదట చెప్పినది. మనము ఇంట తెలుగు, బజారున ఊరిభాష మాటలాడువారము. ఆ చిట్టాను ఏ వైద్యునికి చూపినను చదువగలడు. అంకెలకు భాషాభేదము లేదు.

ఇంత చిన్న ప్రాణికి ఇంత శ్రమ యేల యని కొందరందురు. అడవిలో నున్నచో తన గడ్డి తానే వెదకికొనును. మనము వెలపెట్టి కొని, పెట్టెలో నుంచితిమి. ఆ దినమే దాని మేతయు, మందును మన ఖాతాలో బాకీగా పడినవి. బాకీ తీర్చుట వర్తకునికి ధర్మము. ఎంత చేసినను ఒక్కొక్కమారు దక్కకపోవచ్చును; అప్పుడు పిల్లలకు నిజము చెప్పవలెను. కాని చేయవలసినది చేయక పోగొట్టుకొనుట వేరు, చేసి పోగొట్టుకొనుట వేరు. ఈ భేదము పిల్లలకు తెలిసినచో, రేపు ఇంటి పెద్దలు మంచము పట్టినపుడును వారికి సేవ చేయుట తెలియును.