తుపాకి ప్రాణము తూటాలో నున్నది
(సంఘ వార్షికోత్సవమున చేయబడిన ప్రసంగపాఠము)



కలకత్తాకు దక్షిణమున, హుగ్లీ నది తూర్పు గట్టున, బడ్జ్ బడ్జ్ అను పట్టణము కలదు. చమురు నిలువలకును, జనపనార మిల్లులకును అది పేరు పొందినది. సముద్రమునుండి కలకత్తా రేవునకు పోవు ప్రతి నౌకయు దాని ముందుగనే సాగవలెను. 1914వ సంవత్సరమున, మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైన దినములలో, రెండు నౌకలు ఆ దారిని వచ్చినవి. ఒకటి పిస్తోళ్లను తెచ్చెను. రెండవది మనుష్యులను తెచ్చెను. అరుదైన ఆయుధములయందు మక్కువ గలవారు మరువరాని పాఠమొకటి ఆ కథలో నున్నది.

తుపాకికి తూటాతో గల సంబంధము తాళమునకు తాళపుచెవితో గల సంబంధము వంటిది. ఒక కొలతకు చేసిన తుపాకిలో వేరొక కొలత తూటా పట్టదు. ఈ సంగతిని ప్రభుత్వము బాగుగ నెరుగును. తిరుగుబాటుదారుల పాత సైనిక తుపాకులకు తూటాలు అందకుండ చేయుటకై 1907లో హిందూదేశమునకు 0.450 అంగుళముల తూటాల దిగుమతిని నిషేధించిరి. అంతట ఇంగ్లండులోని తుపాకిపనివారు ఏనుగులను, పులులను వేటాడు దొరలకొరకు 0.465, 0.470 మొదలగు క్రొత్త కొలతలను కల్పించిరి. ఒక చట్టము కొన్ని క్రొత్త తూటాలకు జన్మమిచ్చెను!

ఇక మొదటి నౌక కథ. దాని పేరు టాక్టీషియన్. కలకత్తాలోని రొడ్డా కంపెనీ అను తుపాకుల వర్తకులకు అది సరుకు తెచ్చెను. ఆ కంపెనీలో శిరీశచంద్ర మిత్ర అను గుమాస్తా యుండెను. కస్టమ్సు కార్యాలయమునుండి సరుకు విడిపించుట ఆయన పని. 1914 ఆగస్టు 26న ఆయన 202 పెట్టెలను విడిపించి, 192 పెట్టెలను మాత్రమే గిడ్డంగికి చేర్చెను. తక్కిన 10 పెట్టెలు ఎడ్లబండి మీద విప్లవకారుల చేతికి పోయినవి. ఆయనయు అదృశ్యుడయ్యెను. ఆ పెట్టెలలో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉండెను.

మౌజరు రివాల్వరు కాదు. 1896లో జర్మనీలో వెలువడిన స్వయంచాలక పిస్తోలు. దానిని పెట్టుకొను కొయ్య ఒరను పిడికి తగిలించినచో భుజమునకు ఆనించి తుపాకివలె కాల్చవచ్చును. నాటి బ్రిటిషు అధికారుల 0.455 వెబ్లీ రివాల్వరు గుండు సెకనుకు సుమారు 200 మీటర్లు పోవుచుండగా, మౌజరు 7.63 మిల్లీమీటర్ల గుండు 400 మీటర్లకు పైగా పోవుచుండెను. అయితే ఆ తూటా ప్రభుత్వ సైన్యము వాడునది కాదు. పిస్తోలొక్కింటికి 920 తూటాలు వచ్చినవి. అవి తీరిన పిమ్మట మరల దొరకు చోటు లేదు.

పిస్తోళ్లలో 44 వెంటనే తొమ్మిది విప్లవ బృందములకు పంచబడినవనియు, 54 కేసులలో వాడబడినవనియు 1918 నాటి రౌలట్ నివేదిక చెప్పుచున్నది. ప్రతి పిస్తోలు మీదను సంఖ్య యుండెను. ఆ సంఖ్యలు కంపెనీ పుస్తకములో నుండెను. అప్పటికి పోలీసులు 31 పిస్తోళ్లను పట్టుకొనిరి. గుమాస్తా చేతిమీదుగ పోయిన ఆయుధములను గుర్తుపట్టుటకు గుమాస్తాల పుస్తకమే తోడ్పడినదనుట కార్యాలయోద్యోగులమైన మనకు వింతగ తోచును.

రొడ్డా చోరీ జరిగిన ఒక నెల మూడు దినములకు, సెప్టెంబరు 29న, రెండవ నౌక 'కొమగాట మారు' బడ్జ్ బడ్జ్ గట్టున ఆగెను. బాబా గురుదిత్ సింగ్ నాయకత్వమున కెనడాకు పోయిన 376 మంది ప్రయాణికులలో అధికులను వాంకూవరు రేవున దిగనీయక రెండు మాసములు నిలిపి మరలించిరి. వీరిని నేరుగ పంజాబుకు పంపుటకై ప్రభుత్వము ప్రత్యేకమైన రైలును సిద్ధపరచెను. అనేకులు దానినెక్క నిరాకరించి, గురుగ్రంథసాహిబును తీసుకొని కలకత్తా దారిపట్టిరి. వారిని వెనుకకు మరలించిరి. చీకటి పడు వేళ స్టేషను చెంత తుపాకులు మ్రోగినవి. సుమారు 20 మంది ప్రయాణికులు నేలకొరిగిరి. ప్రయాణికుల యొద్ద రివాల్వర్లు ఉండెనని ప్రభుత్వ విచారణ సంఘము వ్రాసెను. గురుదిత్ సింగ్ ఆ కథనమును ఖండించెను. సంతకముతో పదిపెట్టెల తూటాలు దాటిపోయిన యేటిమీదనే, ఇంటికి మరలు మనుష్యులు దాటలేకపోయిరి.

మౌజరుల చివరి కథ ఒరిస్సాలో నున్నది. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ సమీపమున బాఘా జతీన్, ఆయన అనుచరులు నలుగురు మౌజరులతో పోలీసుల నెదిరించిరి. తూటాలు తరిగిపోయినవి. గాయపడిన జతీన్ మరునాడు అసువులు బాసెను.

మన అల్లూరి సీతారామరాజు వేరొక మార్గము పట్టెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడిచేసి, 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను సంపాదించెను. అవి పోలీసుల తుపాకులే గనుక, తూటాలు తీరినను మరియొక ఠాణాలో అవే దొరకునను ఆశ యుండెను. ప్రభుత్వము ఇది గ్రహించి ఆయుధములను ముందుగనే దాచివేయుటచే, అక్టోబరులో అడ్డతీగల ఠాణాలో ఆయనకు అవి చిక్కలేదు.

వర్తకమునకు తయారైన పిస్తోలు తూటాలలో మౌజరు గుండు వేగమును మించినది 1935లో గాని రాలేదు. అమెరికాలో పుట్టిన 0.357 మాగ్నం అది. 1955లో 0.44, 1964లో 0.41 మాగ్నములు వెలువడినవి. కడపటిది ఇరువురన్నల నడుమ నలిగిన తమ్మునివలె అరుదైపోయెను. అట్టి రివాల్వర్లను సేకరించు అమెరికనులు కాల్చిన ఇత్తడి గుల్లలను ఏరుకొని, స్వయముగ మందును గుండును నింపి మరల కాల్చుకొందురు. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము సామాన్యుడు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు. కావున మన సేకరణ కనులతో చేయవలసినదే.

కలకత్తా పోలీసు ప్రదర్శనశాలలో రొడ్డా మౌజరును చూడవచ్చును. బడ్జ్ బడ్జ్‌లో 1952లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన అమరుల స్మారకమును చూడవచ్చును. 2013నుండి ఆ స్టేషను కొమగాట మారు పేరును కూడ ధరించినది. కలకత్తాకు బదిలీపై పోవు సోదరులు ఒక ఆదివారము పిల్లలతో ఆ రైలెక్కుదురు గాక! మొదట పిస్తోలును, పిమ్మట స్మారకమును చూపి, ఆ రెండింటి నడుమ నున్న నెల దినముల కథను వారికి చెప్పుదురు గాక!