గని మూశారు, ఇల్లెవరిది?



కోలారు బంగారు గనుల్లోకి దిగిందెవరు? ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల్లో వెట్టి వదిలేసి వచ్చిన మనవాళ్లే ఎక్కువ. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. మనవాళ్లు పోను పోను మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు, రాతిదుమ్ము పీల్చారు, బంగారం పైకి పంపారు. వాళ్లకు దక్కింది లైనులో ఒక గది.

అయినా ఊళ్లో దొరకనిది అక్కడ దొరికింది. జీతం, బడి, ఆసుపత్రి. దొర గడప ముందు చెప్పులు విప్పే పని లేదు. అయోతీదాసు పండితుని బౌద్ధ సంఘం మారికుప్పంలో వెలిసింది. ఆర్.పి.ఐ. నాయకుడు సి.ఎం. ఆరుముగాన్ని ఈ లైన్లే శాసనసభకు పంపాయి.

కానీ ఇల్లు కంపెనీది, నీళ్లు కంపెనీవి, ఆసుపత్రీ కంపెనీదే. 1956లో మైసూరు సర్కారు, తర్వాత కేంద్రం యజమాని అయినా అంతే. 2001 ఫిబ్రవరి 28న గని మూశారు. గనితోపాటు ఆసుపత్రీ పోయింది. ఇప్పుడు ఆ పిల్లలు తెల్లారకముందే రైలెక్కి వంద కిలోమీటర్ల దూరం బెంగుళూరుకు పనికి పోతున్నారు. లైన్ల పక్కన సైనైడు దిబ్బలు మిగిలాయి. గాలొస్తే ఆ దుమ్ము కంచంలో పడుతుంది.

నష్టాల లెక్క రాసిన దొరలు మన ఊపిరితిత్తుల్ని ఏ ఖాతాలో రాశారు?

భూమి లేకనే గనికి పోయాం. గని పోతే మళ్లీ భూమి లేనివాళ్లమే. సింగరేణి క్వార్టర్లలోని అన్నలారా, అక్కలారా, బెల్లంపల్లిలో బాయిలు మూతబడడం మీరూ చూశారు. బాయి నడిచేటప్పుడే ఇంటి జాగాకు పట్టా అడగండి. మూశాక అడిగితే వినేవాడుండడు.