నాగార్జునకొండ కట్టడములు: అసలును నకలును



తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకు ‘గ్రంథపాతము’ అను మాట చిరపరిచితము. చెదపురుగు తినినందువలననో, ఆకు విరిగినందువలననో కొన్ని అక్షరములు లోపించినచోట యోగ్యుడైన పరిష్కర్త చుక్కలుంచి, ఇచట గ్రంథపాతము కలదని వ్రాయును. వేరొక ప్రతిలో ఆ పాదము దొరకెనేని దానిని చేర్చి, ఏ ప్రతినుండి గ్రహించినదియు చెప్పును. తన కవిత్వముతో ఖాళీని పూరించి, దానిని పూర్వకవి పేర చలామణి చేయువాడు పరిష్కర్త కాడు. శిథిలమైన కట్టడములను తిరిగి నిలుపువారికిని ఈ ధర్మమే వర్తించును. ఇందులకు తెలుగుదేశమున నాగార్జునకొండను మించిన నిదర్శనము లేదు.

క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి, కృష్ణాతీరమున నల్లమల కొండల నడుమ నొక లోయలో వెలసియుండెను. 1926లో ఆ శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. పిమ్మట అప్పుడప్పుడు త్రవ్వకములు జరిగినవి. కాని సాగర నిర్మాణము తలపెట్టుటతో లోయకు గడువు ఏర్పడినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున 1954 నుండి 1960 వరకు లోయయంతయు త్రవ్విరి. రాతియుగపు పనిముట్లు, స్తూపములు, విహారములు, దేవాలయములు, స్నానఘట్టము, చుట్టును మెట్లవరుసలుగల రంగస్థలము బయటపడినవి. నైలునది ముంపునుండి అబూ సింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వరకు ముక్కలుగా కోసి పైకెత్తిన కథ లోకమెల్ల ఎరుగును. అంతకుముందే ఇంటిప్రక్కన జరిగిన ఈ పరిశ్రమను ఎరిగినవారు తక్కువ!

అన్నింటిని రక్షించుట అసాధ్యమయ్యెను. 9 కట్టడములను విడదీసి కొండమీదను, జలాశయపు గట్టున అనుపు వద్దను తిరిగి నిలిపిరి. మరి 14 కట్టడములకు పెద్ద నమూనాలను మాత్రమే నిర్మించిరి. ఈ రెండు లెక్కలను కలిపి ‘23 ప్రాచీన కట్టడములు రక్షింపబడినవి’ అని చాటుకొనుట సులభమే. అట్లు కలుపక, ఇవి అసలు, ఇవి నకలు అని వేరుచేసి చెప్పుటలోనే ఆ పనికి గౌరవము కలదు. నకలు నకలని తెలిసినంతకాలము అది విద్యార్థికి మేలే చేయును.

అయినను తరలివచ్చిన తొమ్మిదియు సంపూర్ణముగ అసలేనా? రాయి నాటిదే, కాని చోటు నాటిది కాదు. స్నానఘట్టము ఏటియొడ్డున ఉండవలసినది. నదికి దిగుటకై పేర్చిన మెట్లు కొండమీదికి చేరినపుడు వాని కొలతలు నిలిచినవి గాని, అవి ఏల పుట్టినవో ఆ కారణము లోయలోనే మిగిలిపోయినది. ఇటుక విషయము మరింత కష్టము. అచటి స్తూపములలో కొన్ని బండిచక్రమువలె, నడుమ కుండయు, ఆకులవలె గోడలును ఉండునట్లు కట్టబడినవి. రాతికి అంకె వేసి యథాక్రమమున పేర్చవచ్చును. వేలకొలది ఇటుకలకు అది దుర్లభము.

నాటి శిల్పఫలకములపై స్తూపరూపములు చెక్కబడియున్నవి గదా, వానినిబట్టి అండమును, హర్మికను, ఛత్రములను పూర్తిగా కట్టరాదా యని కొందరు అడుగుదురు. శిల్పి తాను చూచినది చెక్కెనో, భక్తితో అలంకరించి చెక్కెనో ఎవరు చెప్పగలరు? ఊహ మొదలైనచోట పునరుద్ధరణ ఆగవలెనని 1964 నాటి వెనిస్ శాసనపత్రము విధించినది. అదియే గ్రంథపాతపు చుక్క.

పూజలందుకొను ఆలయముల సంగతి వేరు. శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయెను. అదే స్థలమున క్రొత్త గోపురము లేచి, 2017లో కుంభాభిషేకము జరిగినది. శిథిలములను అట్లే ఉంచి చూపవలెనని భక్తులకు ఎవరు చెప్పగలరు? జీర్ణోద్ధారణ ఈ దేశపు ఆచారమే. జపానులో ఇసే ఆలయమును ఇరువది ఏండ్లకొకమారు క్రొత్త కొయ్యతో కట్టుదురు, 2013లోను కట్టిరి. వారికి పరంపరాగతమైన వడ్రంగమే ప్రాచీనము, కొయ్య కాదు. ప్రామాణ్యమును ఆయా జాతుల సంస్కృతినిబట్టియే నిర్ణయింపవలెనని 1994లో నారా నగరమున విద్వాంసులు అంగీకరించిరి. ఇది సమంజసమే. క్రొత్త గోపురమును చూపి ‘ఇది రాయలనాటిది’ అనుట మాత్రము అసత్యము.

పల్లెలలో జరుగు పని వీనికంటె చిన్నది. నష్టము మాత్రము చిన్నది కాదు. జీర్ణోద్ధారణ పేర శాసనపు రాతికి సున్నము పూయుదురు, రంగు వేయుదురు, మరియొకచోట అది నునుపైన పలకల క్రింద కప్పబడును. కట్టించిన దాత పేరు, దానమిచ్చిన భూమి, ఆ ఏడు, అన్నియు ఒక్క మధ్యాహ్నములో మాయమగును. క్రొత్త మండపము కట్టుకొనవచ్చును, తప్పులేదు. ముందుగా శాసనమునకు అచ్చు తీసి గ్రంథాలయమున నొక ప్రతి ఉంచి, రాతిని కనబడుచోట నిలిపి, క్రొత్త గోడపై క్రొత్త సంవత్సరము చెక్కించినచో వ్యయమెంత?

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినది. ఆ నీటితో లక్షలాది ఎకరములు పండినవి. లోయ మునిగెనని రైతును నిందించుట న్యాయము కాదు. అనుపు రంగస్థలమునకు పోవువారు మెట్లపై కూర్చుండకముందు ఒకమారు జలాశయమువైపు చూతురుగాక. ఆ మెట్లు మొదట ఉండినచోటు ఆ నీటి అడుగుననే ఉన్నది.